పది మీటర్ల అవతల నుంచి: అడవిలో ఒరాంగుటాన్‌ను చూసొచ్చే పద్ధతి

తోకలేని పెద్ద వానరం ఒరాంగుటాన్‌ను అడవిలో చూడాలనుకునేవాళ్లు టూర్ నడిపేవాళ్లను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎంత దగ్గరగా కనిపిస్తుంది? "చెయ్యి చాస్తే అందేంత" అని జవాబు వస్తే ఆ టూర్‌ను అక్కడితో వదిలేయండి. సందర్శన సరిగ్గా జరిగిందంటే మీకూ దానికీ మధ్య కనీసం 10 మీటర్లు ఉంటుంది, గంటలోపు మీరు అక్కడి నుంచి కదులుతారు, మీరు వచ్చారని అది తినడం ఆపదు, దారి మార్చుకోదు. మిగతా జాగ్రత్తలన్నీ ఈ దూరాన్ని కాపాడుకోవడం కోసమే.

ఈ పది మీటర్లు మర్యాద కోసం పెట్టిన లెక్క కాదు. ఒరాంగుటాన్ జన్యువులు మనవాటితో దాదాపు 97 శాతం కలుస్తాయి. అందుకే మన జలుబు, ఫ్లూ, క్షయ దానికీ అంటుకుంటాయి. మనకు మూడు రోజుల ముక్కుదిబ్బడ అనిపించేది దానికి న్యుమోనియా కావచ్చు. పైగా పోయినదాని లోటు తొందరగా తీరదు. ఆడది ఏడెనిమిదేళ్లకు ఒక పిల్లను కంటుంది, ఆ పిల్ల అన్నేళ్లూ తల్లి వెంటే ఉండి ఏ పండు ఎప్పుడు పండుతుందో, గూడు ఎలా అల్లాలో నేర్చుకుంటుంది. కోవిడ్‌కు ముందు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ మార్గదర్శకాల్లో మాస్క్ వేసుకుంటే 7 మీటర్ల దాకా వెళ్లొచ్చని ఉండేది. 2020 నుంచి 10 మీటర్లకు తగ్గకూడదంటున్నారు. మాస్క్ ఉన్నా సరే.

ఎక్కడికి వెళ్తే ఏం చూస్తారు

ఒరాంగుటాన్‌లు సుమత్రా, బోర్నియో దీవుల్లో తప్ప ఇంకెక్కడా అడవిలో లేవు. జాతులు మూడు, మూడూ అంతరించే ప్రమాదం అంచున ఉన్నవే. బోర్నియో ఒరాంగుటాన్ ఒకటి, సుమత్రా ఒరాంగుటాన్ ఇంకొకటి. మూడోది 2017లో వేరే జాతిగా గుర్తించిన తపనూలి ఒరాంగుటాన్. సుమత్రాలోని బాతాంగ్ తోరు కొండల్లో ఇవి 800 కన్నా తక్కువే మిగిలాయి. తపనూలిని వెతుక్కుంటూ వెళ్లొద్దు, "చూపిస్తాం" అనేవాళ్లకు డబ్బివ్వొద్దు. అంత చిన్న గుంపులోకి ఒక్క జబ్బు దూరినా కోలుకోదు.

ఏ ఊరికి వెళ్లాలన్నది తేల్చుకునే ముందు, మీరు చూడబోయేది ఏ రకం జంతువో తెలుసుకోవాలి. పుట్టుకతోనే అడవిలో పెరిగినది మనిషిని చూస్తే పైకి ఎక్కిపోతుంది, కొమ్మలు విరిచి విసురుతుంది. బోనుల నుంచి విడిపించి అడవిలో వదిలినది, దాని పిల్లలు అలా కాదు. మనిషంటే తిండి అని వాటికి గుర్తు. అవే కిందికి దిగి దగ్గరికొస్తాయి. కాబట్టి అడవిదాని కన్నా "అలవాటైనది" ప్రమాదం, మీకూ దానికీ కూడా.

ఉత్తర సుమత్రాలోని బుకిత్ లవాంగ్‌లో ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకమే. మెదాన్ నుంచి కారులో మూడు నాలుగు గంటల దూరం, బోహొరోక్ నది ఒడ్డున చిన్న ఊరు. నది దాటితే గునుంగ్ ల్యూసర్ నేషనల్ పార్క్. 1973లో అక్కడ పునరావాస కేంద్రం పెట్టి, ఇళ్లలో పెంచుతుండగా పట్టుకున్నవాటిని అడవిలో వదిలారు. తిండి పెట్టే వేదిక ఇప్పుడు లేదు. కానీ ఆ తరం జంతువులకు, వాటి పిల్లలకు మనిషి అలవాటు పోలేదు. అక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. పొద్దున తొమ్మిదికి అన్ని బృందాలూ ఒకేసారి బయల్దేరతాయి, ఒక గైడ్‌కు తల్లీపిల్లా కనిపిస్తే ఇంకో నలుగురికి కబురు వెళ్తుంది, అరగంటలో ఒక్క చెట్టు కింద పాతికమంది చేరతారు. దీన్ని తప్పించుకోవాలంటే ఒక్కరోజు ట్రెక్ కాకుండా, అడవిలో ఒక రాత్రి ఉండే రెండు రోజుల ట్రెక్ తీసుకోండి. పొద్దున ఏడుకే బయల్దేరండి, స్థానిక సెలవు రోజులు వదిలేయండి. అచ్చమైన అడవి జంతువునే చూడాలనుకుంటే అదే పార్కుకు ఆచే వైపున్న కెతాంబె మేలు. జనం తక్కువ, ప్రయాణం ఎక్కువ, కనిపిస్తుందన్న హామీ లేదు.

ఇండోనేషియా బోర్నియోలో, అంటే కలిమంతాన్‌లో, తంజుంగ్ పుతింగ్ పార్కును పడవలోనే చూడాలి. పంకలన్ బున్‌లో విమానం దిగి కుమాయి రేవుకు వెళ్తే అక్కడ క్లోతోక్ అనే రెండంతస్తుల చెక్క పడవలుంటాయి. పై అంతస్తు మీదే తిండి, పడక. మూడు పగళ్లు, రెండు రాత్రుల ప్రయాణం మామూలు. సెకోన్యెర్ నది మీద వరుసగా తంజుంగ్ హరపాన్, పొందోక్ తంగుయి, క్యాంప్ లీకీ వస్తాయి. మూడుచోట్లా రోజూ నిర్ణీత వేళకు వేదిక మీద పండ్లు పెడతారు. క్యాంప్ లీకీ 1971లో ఒరాంగుటాన్ పరిశోధకురాలు బిరుటే గాల్డికాస్ మొదలుపెట్టిన పరిశోధన కేంద్రం. ఆ వైపు పాయలోకి తిరగగానే బురద రంగు పోయి నీళ్లు టీ డికాషన్‌లా నల్లగా అవుతాయి, చెట్ల ప్రతిబింబం అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుంది. చూడ్డానికి ఎంత బాగున్నా ఈత కొట్టొద్దు, మొసళ్లున్నాయి. పడవ మాట్లాడుకునేటప్పుడు మరుగుదొడ్డి నీళ్లు ఎక్కడికి పోతాయి, చెత్త ఎవరు వెనక్కి తెస్తారు, తాగునీళ్లు ప్లాస్టిక్ సీసాలా లేక పెద్ద క్యానా అని అడగండి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబిచ్చే పడవలు తక్కువే, కానీ ఉన్నాయి.

బోర్నియోలోనే మలేషియాకు చెందిన సబా రాష్ట్రంలో పునరావాస కేంద్రం, నది, పాత అడవి, మూడు రకాల అనుభవమూ దొరుకుతుంది. సందకాన్ దగ్గరి సెపిలోక్ కేంద్రం 1964 నుంచి నడుస్తోంది. పొద్దున 10కి, మధ్యాహ్నం 3కి తిండి పెడతారు, పిల్లల నర్సరీని అద్దం వెనక నుంచి చూడాలి. సంచులు లాకర్లలో పెట్టి వెళ్లాలి, దోమల మందు లోపలికి తీసుకెళ్లనివ్వరు. నడక దారి మీద కోతులు సంచుల్లోవి లాక్కుపోతాయి మరి. కినబతంగాన్ నది మీద సుకావు, బిలిత్, బటు పుతే ఊళ్ల నుంచి పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి పడవలు బయల్దేరతాయి. అక్కడ జంతువులు అంత సులువుగా ఎందుకు కనిపిస్తాయో కూడా తెలియాలి. నదికి ఇరుపక్కలా సన్నటి అడవి పట్టీ మిగిలింది, దాని వెనకంతా పామాయిల్ తోటలే, జంతువులు పోవడానికి వేరే చోటు లేదు. బటు పుతేలో గ్రామస్తులే నడిపే సహకార సంఘం ఇళ్లలో బస ఇస్తుంది, ఆ పట్టీలో చెట్లు నాటుతుంది. డబ్బు ఎవరికి చేరాలన్నది మీ చేతుల్లో ఉన్నప్పుడు అలాంటి చోట ఖర్చుపెట్టడం నయం.

నరకని పాత అడవి కావాలంటే దానుం వ్యాలీ. 438 చదరపు కిలోమీటర్లు. లహద్ దాతు నుంచి రెండు గంటలకు పైగా మట్టిరోడ్డు. ముందే బుక్ చేసుకోకుండా లోపలికి వెళ్లలేరు, కనీసం మూడు రాత్రులుండేలా చూసుకోండి. సబా పక్క రాష్ట్రం సారవాక్‌లో కుచింగ్ నగరం పక్కనే ఉన్న సెమెంగోహ్ కేంద్రానికి ఒక పూట చాలు. అక్కడ పొద్దున 9కి, మధ్యాహ్నం 3కి తిండి పెడతారు.

వేదిక దగ్గర ఒక్కటి కూడా రాకపోతే డబ్బు దండగైందని చాలామంది గొణుగుతారు. అడవిలో పండ్లు బాగా కాసిన కాలంలో అవి వేదికకు రావు. వాటికి మనం పెట్టే అరటిపండు అక్కర్లేకపోవడమే ఆ కేంద్రం పని సరిగ్గా చేసిందనడానికి గుర్తు.

కాలం సంగతి క్లుప్తంగా: సుమత్రాకు మే నుంచి సెప్టెంబర్, కలిమంతాన్‌కు జూన్ నుంచి సెప్టెంబర్, సబాకు మార్చి నుంచి అక్టోబర్ బాగుంటాయి. 2015లో, 2019లో జరిగినట్టు వానలు ముఖం చాటేసిన ఏడు ఆగస్టు తర్వాత కలిమంతాన్‌లో పీట్ నేలలు, అంటే కుళ్లిన ఆకులూ కొమ్మలూ పేరుకున్న నేలలు, అంటుకుని పొగ కమ్ముతుంది. వెళ్లే ముందు చూసుకోండి.

గైడ్‌ను ఇలా అడగండి

ట్రెక్ బాగుంటుందా లేదా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. డబ్బు కట్టే ముందు, వీలైతే రాతపూర్వకంగా, ఇవి అడగండి. బృందంలో ఎంతమంది? ఆరుగురు దాటితే వద్దు. గైడ్ లైసెన్స్ చూపిస్తారా? ఇండోనేషియాలో పర్యాటక గైడ్ల సంఘం హెచ్‌పీఐ కార్డు ఉంటుంది. పార్క్ పర్మిట్ నా పేరున, నేనుండే ప్రతి రోజుకూ ఇస్తారా? ఒరాంగుటాన్ పక్కనే కనిపిస్తే ఏం చేస్తారు? "వెనక్కి తీసుకెళ్తాం" అన్నదే సరైన జవాబు. "పండు చూపించి కిందికి దింపుతాం" అంటే బేరం అక్కడితో ఆగిపోవాలి.

వాళ్ల ఫొటోలు కూడా చూడండి. ఒరాంగుటాన్ భుజం మీద చెయ్యేసిన పర్యాటకుడు, చేతిలోంచి పండు అందుకుంటున్న తల్లి ఉన్న ఫొటో ఒక్కటి కనిపించినా చాలు, ఆ టూర్ వద్దు. పిల్లను ఎత్తుకోనిస్తాం, పాలు పట్టనిస్తాం అనే "వాలంటీర్" పథకాలదీ అదే దారి. పనితెలిసిన ఏ పునరావాస కేంద్రమూ వారం రోజులకు వచ్చిపోయే మనిషి చేతికి పిల్లను ఇవ్వదు.

గైడ్‌కు ఒక మాట ముందే చెప్పేయండి: "దగ్గరగా చూపించకపోయినా టిప్ ఇస్తాను." చాలామంది గైడ్లకు నియమాలన్నీ తెలుసు. పండు చూపించకపోతే పర్యాటకుడు మొహం ముడుచుకుంటాడని, టిప్ పోతుందని భయం. ఆ భయం తీసేస్తే మనిషే మారిపోతాడు. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క సలహానే పాటిస్తామంటే ఇది పాటించండి.

ఒళ్లు బాగుందా?

దగ్గు, తుమ్ములు, జ్వరం, విరేచనాలు, పెదవి మీద జ్వరపు పొక్కులు, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు అడవిలోకి వెళ్లొద్దు. డబ్బు కట్టేశాక ఈ నియమం పాటించడం కష్టం, అందుకే తేదీ మార్చుకునే వీలున్న బుకింగ్ తీసుకోండి. విమానంలో పట్టిన జలుబు బయటపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. దిగిన మర్నాడే ట్రెక్ పెట్టుకుంటే, జబ్బు లోపల ఉన్నా మీకు తెలియని రోజే మీరు జంతువు ముందుంటారు. మెదాన్‌లోనో కుచింగ్‌లోనో రెండు మూడు రోజులు తిరిగి తర్వాత వెళ్లండి. ఫ్లూ టీకా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. తట్టు టీకా పడిందో లేదో చూసుకోండి.

మాస్క్ సర్జికల్‌దైనా, ఎన్95 అయినా రోజుకు మూడు తీసుకెళ్లండి. ఆ ఉక్కకు గంటన్నరలో తడిసిపోతుంది, తడిసిన మాస్క్ పనిచేయదు. నడిచేటప్పుడు అక్కర్లేదు, ఒరాంగుటాన్ కనిపించగానే వేసుకోవాలి. తుమ్మొస్తే మాస్క్ తీయకుండా, తల పక్కకు తిప్పి మోచేతిలోకి తుమ్మండి.

మీకు వచ్చే జబ్బుల మాట కూడా ఒకటుంది. సబాలో కోతుల నుంచి దోమల ద్వారా మనుషులకు సోకే నోలెసి రకం మలేరియా ఉంది. పొద్దువాలే వేళ పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, దోమల మందు గదిలోనే రాసుకుని చేతులు కడుక్కోండి. ఇంటికి వచ్చిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే డాక్టర్‌కు అడవికి వెళ్లొచ్చానని తప్పక చెప్పండి.

సంచిలో ఏముండాలి

జలగ మేజోళ్లు, అంటే మోకాలి దాకా వచ్చే దగ్గర నేత గుడ్డ మేజోళ్లు. మామూలు మేజోళ్ల నేతలోంచి జలగ సన్నగా సాగి దూరిపోతుంది. కాళ్లకు ఖరీదైన ట్రెకింగ్ బూట్లే కావాలని లేదు. బోర్నియో గైడ్లు "అడిడాస్ కంపుంగ్" అని నవ్వుకుంటూ పిలుచుకునే నల్ల రబ్బరు బూట్లు హార్డ్‌వేర్ కొట్లలో చవగ్గా దొరుకుతాయి. బురదలో బాగా పట్టుంటాయి, కడిగితే అరగంటలో ఆరతాయి. ఒక సైజు పెద్దవి తీసుకోండి, లోపల జలగ మేజోడు పట్టాలి.

ఇవి కాక మనిషికి రెండు లీటర్ల నీళ్లు, గట్టిగా మూతపడే డబ్బాలో తిండి, చెత్తకు ఒక జిప్ సంచి, చేతి పార, 8×42 బైనాక్యులర్. బైనాక్యులర్ లేనివాళ్లే దగ్గరికి వెళ్దామని గైడ్‌ను సతాయిస్తారు. రంగులు ఎలా ఉన్నా పర్లేదు, సెంటు మాత్రం వద్దు.

జలగ పట్టుకుంటే ఉప్పు, నిప్పు వాడొద్దు. బెదిరిన జలగ కడుపులోది గాయంలోకి కక్కుతుంది. సన్నగా ఉన్న కొస పక్కన గోరు పెట్టి చర్మం మీదుగా నెడితే పట్టు వదిలేస్తుంది. తర్వాత గంటకు పైగా నెత్తురు కారినా కంగారు అక్కర్లేదు.

వెతకడం, చూడటం

ఒరాంగుటాన్ ఏ రాత్రికి ఆ రాత్రి కొత్త గూడు కట్టుకుంటుంది, సాధారణంగా 10 నుంచి 20 మీటర్ల ఎత్తులో. ఆకులు పచ్చగా ఉన్న గూడు కనిపిస్తే అది ఆ చుట్టుపక్కలే ఉందన్నమాట. ఆకులు గోధుమరంగుకు తిరిగాయంటే వారాల కిందటిది. గాలి లేకుండా ఒక్క చెట్టే ఊగడం, అత్తిచెట్టు కింద కొరికి పడేసిన కాయలు, పనసలాంటి ముళ్ల పండు దూరియన్ చీల్చిన తొక్కలు చూసుకుంటూ వెళ్లాలి. పొద్దున, సాయంత్రం తింటుంది, మధ్యాహ్నం కునుకు తీస్తుంది. బుగ్గలు పళ్లెంలా విప్పారిన పెద్ద మగదాని గావుకేక కిలోమీటరు దాటి వినిపిస్తుంది. ఆ కేక దిక్కుగా పరుగెత్తకండి, కదలకుండా అక్కడే కాసేపు ఆగితే ఆడ ఒరాంగుటాన్‌లు ఎటు కదులుతున్నాయో తెలుస్తుంది.

కనిపించాక సంచులు మూసేసి, అందరూ ఒకే పక్కన నిలబడండి. చుట్టూ గుమిగూడితే దానికి పోయే దారి ఉండదు. సరిగ్గా దాని కిందా నిలబడొద్దు. కొమ్మలు, మూత్రం, రెండు మూడు కిలోల ముళ్ల దూరియన్, ఏదైనా పడొచ్చు. మాట గుసగుసల్లోనే ఉండాలి. వేరే బృందం ముందే ఉంటే కంటికి కనిపించనంత దూరంలో ఆగి వంతు కోసం చూడండి. గంట లెక్క బృందానికి కాదు, జంతువుకు. ముందు బృందం నలభై నిమిషాలుంటే మీకు మిగిలింది ఇరవై.

అది చిరాకు పడుతోందని ఎలా తెలుస్తుంది? పెదాలు ముందుకు చాచి ముద్దు పెట్టినట్టు "ముచ్" మని చప్పుడు చేస్తుంది. కొమ్మలు ఊపుతుంది, ఎండుకొమ్మ విరిచి మీ వైపు వదులుతుంది. తల్లి పిల్లను దగ్గరకు లాక్కుని పైకి పోతుంది. చూసేవాళ్లు దీన్ని ఆటనుకుని ఫోన్లు ఎత్తుతారు. మొదటి చప్పుడుకే 20 మీటర్లు వెనక్కి జరగండి. ఐదు నిమిషాల్లో సద్దుమణగకపోతే ఆ రోజుకు దాన్ని వదిలేయండి.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. బుకిత్ లవాంగ్ ట్రెక్కులో గైడ్ ఆకు మీద అనాస, పుచ్చకాయ ముక్కలు పరుస్తాడు, తిన్నాక తొక్కలు పొదలోకి పోతాయి. "అడవిదే కదా, మట్టిలో కలిసిపోతుంది" అంటారు. తొక్క మీద మీ ఎంగిలి ఉంటుంది, ఎంగిలిలో వైరస్ ఉంటుంది. అక్కడికి రోజూ వచ్చే ఒరాంగుటాన్‌కు సంచి చప్పుడు తిండిగంట అయిపోతుంది. తొక్కలన్నీ జిప్ సంచిలో వెనక్కి తేవాలి. ఒరాంగుటాన్ కనుచూపు మేరలో ఉంటే సంచి తెరవనే కూడదు. అవసరానికి వెళ్లాల్సి వస్తే నీటికి దూరంగా 30 సెంటీమీటర్ల గుంట తీసి పూడ్చండి, కాగితం మాత్రం తిరిగి తెచ్చుకోండి.

అదే మీ వైపు వస్తే

1. పరుగెత్తొద్దు, అరవొద్దు. గైడ్ వెనక ఒక్క గుంపుగా చేరి, దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి.
2. పిల్ల పక్కకు వెళ్లి ఉంటే తల్లికీ పిల్లకూ మధ్య ఎవరూ ఉండకూడదు. ముందు ఆ దారి ఖాళీ చేయండి.
3. దారి ఇరుకైతే పక్కకు తప్పుకుని దాన్ని పోనివ్వండి. చాలాసార్లు దానికి కావాల్సింది దారే.
4. సంచి పట్టుకుంటే వదిలేయండి. మనిషి కన్నా ఎన్నో రెట్లు బలమైనది, గుంజులాటకు దిగితే మీ భుజం కీలు ఊడుతుంది, లేదా అది కరుస్తుంది.
5. చెయ్యి పట్టుకుంటే లాక్కోకుండా కదలక నిలబడండి. విడిపించడం గైడ్ పని. ఈ ఒక్క సందర్భంలో గైడ్లు పండు వాడి దృష్టి మళ్లిస్తారు, అది వాళ్ల నిర్ణయం.
6. కరిచినా, గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకా, ధనుర్వాతం టీకా సంగతి అక్కడ అడగండి.

ఫొటోలు

చెట్ల కింద చీకటి, జంతువు వెనక తెల్లటి ఆకాశం. మామూలు సెట్టింగులో నల్లటి ముద్దే వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను +1 దాకా పెంచండి, ఐఎస్ఓ 1600 నుంచి 6400 వరకు పెట్టుకోండి, షటర్ 1/250కి తగ్గకుండా చూసుకోండి. 300 మిల్లీమీటర్ల లెన్స్ సరిపోతుంది. ఫ్లాష్‌తో పాటు ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపాన్నీ ఆపేయండి. చాలామంది రెండోది మర్చిపోతారు. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను అరగంట సంచిలోనే ఉంచి తర్వాత తీయకపోతే అద్దం మీద ఆవిరి పడుతుంది. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

ఫొటో పంచుకునేటప్పుడు లొకేషన్ తీసేయండి, పిల్ల ఉన్న గూడు ఫొటోకైతే మరీ ముఖ్యం. పిల్లలను అమ్ముకునేవాళ్లు తల్లిని చంపాకే పిల్లను పట్టుకుంటారు. ఒరాంగుటాన్‌తో మీరు కలిసి ఉన్న ఫొటో, మీరు దూరంగానే ఉన్నా లెన్స్ మాయవల్ల పక్కనే ఉన్నట్టు కనిపిస్తే, పెట్టకండి. దాన్ని చూసి వెళ్లే తర్వాతి మనిషి గైడ్‌ను అదే అడుగుతాడు.

ఎవరైనా తిండి పెట్టడం, తాకడం కంటపడితే అక్కడికక్కడే గొడవపడొద్దు, అరుపులకు జంతువే బెదురుతుంది. తేదీ, వేళ, ఏ దారి మీద, ఏ టూర్‌వాళ్లు అన్నది రాసుకుని పార్క్ కార్యాలయంలో ఇవ్వండి. ఊరు వదిలే ముందు బూట్ల అడుగున ఉన్న బురదను బ్రష్‌తో గీకి, సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టండి. తర్వాత ఇంకో పార్కుకు వెళ్తుంటే ఇది మరీ అవసరం.